పలక మీద పేరు చెప్పని ముక్కలు

ఆరూ ఇరవైకి రెజీన్ ఆ ముక్కల్ని మూడోసారి చోటు మార్చింది. మొదట వడ్డించే చెక్క పలక అంచున, ఎర్ర ముల్లంగుల చాటున పెట్టింది, ఎవరి కంటా పడకుండా. కంటపడకపోతే పెట్టడం ఎందుకు అని తనని తనే తిట్టుకుని తీసుకొచ్చి నడిమధ్యన పేర్చింది. అక్కడ పెడితే పీటల మీద కూచోబెట్టిన పెళ్ళికూతురిలా అందరూ దాన్నే చూస్తారు, వద్దు. ఇప్పుడు అన్నయ్య ఒదిలోన్ చేసిన లావుపాటి ఎండు సాసేజ్ ముక్కల పక్కనే, మధ్యలో రెండు వేళ్ళ సందు వదిలి, వరసగా పెట్టింది. అన్నయ్య ముక్కలు, తన ముక్కలు. చూడ్డానికి రెండూ ఒకటే. అదే ముదురెరుపు, అవే తెల్లటి కొవ్వు పలుకులు, అంచున అదే సన్నటి చర్మం. కాదు, ఒకటి కాదు, తనవి కొంచెం వంకర. దారం బిగించడం ఇంకా సరిగ్గా రాలేదు, సాసేజ్ మధ్యలో నడుములా సన్నబడింది. ఆ నడుము చూస్తే చాలు, ఒదిలోన్ కనిపెట్టేస్తాడు. కనిపెట్టనీ, కనిపెట్టాలనేగా ఇదంతా. ఏడింటికి వస్తారు, ఇంకా నలభై నిమిషాలుంది, అరవై ఒక్కేళ్ళ మనిషికి గుండె ఇలా దడదడలాడుతుందేమిటి, పరీక్ష ఫలితాల నాడు కూడా ఇంతలా కొట్టుకోలేదు. చెర్రీలు కడగలేదింకా. చెర్రీలు!

కడుగుతూనే రెండు నోట్లో వేసుకుంది. మే నెల చెర్రీలు, ఇంకా కొంచెం పులుపు. పులుపు పలక మీద ఉండాలి, మాంసం కొవ్వు నాలుక్కి పట్టేశాక పులుపు తగిలితేనే మళ్ళీ తినాలనిపిస్తుంది. వెనిగర్‌లో ఊరిన చిట్టి దోసకాయలు ఒక గిన్నెలో, వెన్న ఇంకో గిన్నెలో. హామ్, ఆ ఉప్పు పట్టిన పంది తొడమాంసం పొరల్ని చాపలా పరవకూడదు, వేళ్ళతో పట్టి లేపి వదులుగా ముడవాలి, గాలి ఆడితేనే వాసన లేస్తుంది. అది నాన్న మాంసం కొట్లో నేర్చుకుంది. పదమూడో ఏట నుంచి పంతొమ్మిదో ఏడు దాకా కౌంటర్ వెనక నిలబడి, కాగితంలో చుట్టి, తూచి, నవ్వుతూ అందించి, ‘ఇంకేమైనా కావాలాండీ’ అని వెయ్యిసార్లు అడిగింది. చుట్టడం వచ్చు, కొయ్యడం వచ్చు, అమ్మడం వచ్చు. చెయ్యడం మాత్రం నేర్పలేదు. కొట్టు పైన బోర్డు మీద ‘వెర్నే, ఆయన కొడుకులు’ అని బంగారు రంగు అక్షరాలు. ఉన్నది ఒక్క కొడుకే. అయినా నాన్న ‘కొడుకులు’ అనే రాయించాడు, ముందు ముందు పుడతారని కాబోలు. పుట్టింది రెజీన్.

మేక చీజ్ బిళ్ళలు నాలుగు. ఒకటి మెత్తనిది, మూడు గట్టివి. కిటికీ అవతల రోన్ నది మీద ఎండ ఇంకా తెల్లగానే ఉంది, పొద్దు వాలడానికి చాలా టైముంది, అవతలి ఒడ్డున ద్రాక్షతోటల గోడలు వెలిగిపోతున్నాయి. ఈ తూర్నోన్ ఊళ్ళో ఈ వేళప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి కోస్తూ ఉంటారు. కానీ ఇవాళ్టి పలక మామూలు పలక కాదు, ఒదిలోన్ పని మానేసినందుకు చెల్లెలు ఇస్తున్న విందు. మూడు శనివారాల కిందట కొట్టు మూసేశాడు. పదిహేనో ఏట మొదలుపెట్టి అరవై ఏడో ఏట ఆపాడు. ఆ చోట కళ్ళజోళ్ళ షాపు వస్తుందిట. ఆఖరి రోజు జనం వీధి మలుపు దాకా నిలబడ్డారు, రెజీన్ కూడా అందరితో పాటు వరసలోనే నిలబడింది. ఆయన తెల్ల ఆప్రాన్‌తో, ఎర్రబడ్డ కళ్ళతో, పొట్లం అందిస్తూ ఒక్కొక్కరికీ అదే మాట: “ఇదే ఆఖరు. ఇక వెర్నే వాళ్ళ సాసేజ్ అనేది ఉండదు.” తన వంతు వచ్చినప్పుడు తనకీ అదే మాట చెప్పాడు. చెల్లెలికి! అప్పటికి తన ఇంటి నేలమాళిగలో పద్నాలుగు వేలాడుతున్నాయి, ఆరు వారాల వయసు, తెల్లటి పూత పట్టి, నొక్కితే వేలికి కొంచెం కొంచెంగా ఎదురు తిరుగుతూ. నోటి దాకా వచ్చిన మాటని మింగేసి “హామ్ ఎనిమిది పొరలు, పలచగా” అంది. ఇంటికొచ్చేదాకా ఒంటరిగా నవ్వుతూనే ఉంది, వంతెన మీద ఎవరో తిరిగి చూశారు కూడా.

ఫోన్ మోగింది. పెరీన్. ఇద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే తపాలా ఆఫీసులో, ఒకే పసుపు వ్యాను వంతులేసుకుని నడిపినవాళ్ళు. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో పెరీన్ ఒక్కతే.

“చెప్పేశావా?”

“లేదు.”

“ఎప్పుడు చెప్తావ్?”

“చెప్పను. ముందు తిననీ.”

“ఉమ్మేస్తే?”

“ఉమ్మేస్తే నువ్వు మాత్రం నవ్వకే తల్లీ.”

“నవ్వనులే. రొట్టె తెస్తున్నా, చెస్ట్‌నట్ పిండి కలిపింది. ఇంకా వేడిగా ఉంది, దార్లోనే సగం తినేసేలా ఉన్నా. వచ్చేదాకా నీ ముక్కలు నువ్వే తినెయ్యకు.”

ఆ మాట నిజమే, పొద్దుట్నుంచీ ఆరు ముక్కలు తినేసింది. మొదటి ముక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోదానికి ఉప్పు ఎక్కువైందనిపించింది. ఐదోదానికి తక్కువైందనిపించింది. ఆరోదానికి ఏమీ తెలియలేదు, నాలుక తన మాట వినడం మానేసింది. ఇంక ఒదిలోన్ నాలుకే దిక్కు. ఆ నాలుక అలాంటిలాంటిది కాదు. ఎవరింట్లో ఏ ముక్క పెట్టినా నమిలి, కళ్ళు సగం మూసి, ఇది ఫలానా వాడు చేసింది, పంది బంగాళాదుంపలు తిన్నది, మిరియం పాతది అని చెప్పేస్తాడు. పొగడడం ఎప్పుడూ వినలేదు. తిట్టకపోతే అదే గొప్ప.

చెక్క పలక మీద ఇంకా ఓ మూల ఖాళీ. వాల్‌నట్లు పోసింది. బాగాలేదు, తీసేసింది. నాన్న కొట్టు వెనక నాలుగు మెట్లు దిగితే ఉప్పు గది ఉండేది, మాంసానికి ఉప్పు పట్టించే చోటు. నాపరాళ్ళ నేల, వేసవిలో కూడా చలి. మాంసం, వెల్లుల్లి, మిరియం, తడి కర్ర కలిసిన ఒక వాసన, ఆ వాసన కోసం చిన్నప్పుడు ఊరికే వెళ్ళి మెట్ల మీద కూచునేది. పన్నెండేళ్ళ దాకా ఎవరూ ఏమీ అనలేదు. నాన్న తొట్టి మీద వంగి కలుపుతుంటే తొట్టి అంచు పట్టుకుని చూసేది, ఎప్పుడైనా “మిరియం పొయ్యి” అనేవాడు, పోసేది. పదమూడో ఏట ఒక పొద్దున అమ్మ నాన్న చెవిలో ఏదో చెప్పింది. ఆ సాయంత్రం మెట్లు దిగబోతే నాన్న గడపలో అడ్డంగా నిలబడ్డాడు. “ఇక నువ్వు రాకూడదమ్మా. ఆ రోజుల్లో ఆడది చెయ్యి పెడితే ఉప్పు పట్టదు, మాంసం చెడిపోతుంది.” కోపంగా అనలేదు. బయట వాన పడుతోంది, గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అన్నాడు. ఏ రోజుల్లో అన్నది అడగడానికి ఆయనకీ సిగ్గు, చెప్పడానికి తనకీ సిగ్గు, అందుకని నెలలో అన్ని రోజులూ అవే రోజులైపోయాయి. మర్నాడు తలుపు తోసి చూస్తే తెరుచుకోలేదు. లోపల్నించి కాలు అడ్డం పెట్టింది ఒదిలోన్, అప్పుడు పంతొమ్మిదేళ్ళవాడు. “పోవే జీనూ, నాన్న చూస్తే నన్నంటాడు.” తలుపు చెక్కల మధ్య సన్నటి సందు ఉండేది. అందులోంచి నాన్న మోచేతులు, ఒదిలోన్ వీపు కనపడేవి. ఆ వీపు మీద ఎంత కోపం పెంచుకుందో! మోచేతులు మాత్రం కంఠతా వచ్చేశాయి. ఎన్నిసార్లు తిరుగుతాయి, ఎప్పుడు ఆగుతాయి, ఎప్పుడు చల్లనీళ్ళలో ముంచుతారు.

అంజూర జామ్! ఖాళీ మూలకి అదే సరి. చిన్న గాజు గిన్నెలో వేసి పెడితే పలకంతా ఒక్కసారి నిండుగా కనిపించింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. అబ్బ, బాగుంది. చాలా బాగుంది. ఎవరూ లేరు కదా అని చప్పట్లు కొట్టింది.

వైన్ సీసా మూత తీసింది, కాసేపు గాలి పట్టాలి. తపాలా రోజుల్లో, కొండ మీద ఉండే బ్లాందీన్ కూడా ఇదే మాట అనేది, గాలి పట్టాలి, మాంసానికైనా వైన్‌కైనా మనిషికైనా. ఉత్తరాలు పంచే దారిలో ఆఖరి ఇల్లు ఆవిడది, ఆ తర్వాత రోడ్డు లేదు. మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. ఒక జనవరి పొద్దున పెన్షన్ కాగితం ఇద్దామని వెళ్తే, వాకిట్లో పందిని కోసి, డెబ్భై నాలుగేళ్ళ మనిషి మోచేతుల దాకా మాంసంలో చేతులు పెట్టి కలుపుతోంది. రెజీన్ అలా నిలబడిపోయింది. “ఆడవాళ్ళు ఉప్పు పట్టిస్తే చెడిపోతుందంటారుగా,” అంది, నలభై ఆరేళ్ళ వయసులో, చిన్నపిల్లలాగా. బ్లాందీన్ తలెత్తి చూసి నవ్వింది. “ఎవరన్నారే? ఉప్పుకేమైనా కళ్ళున్నాయా? నేను కలపకపోతే ఇక్కడ ఎవరు కలుపుతారు, ఆ పిల్లి కలుపుతుందా? దా, చేతులు కడుక్కో. చల్లనీళ్ళతో. ఇంకా చల్లగా. వేళ్ళు నొప్పెట్టాలి.” అలా మూడు జనవరులు. ముద్ద చేసి అరచేతికి అద్ది చెయ్యి బోర్లా తిప్పు, కింద పడకుండా అంటుకుని ఉంటే కలిసినట్టు. మిరియం మిల్లులో ఆడించకు, రోట్లో వేసి రెండు దెబ్బలు కొట్టు, పంటికి తగలాలి. ఎర్ర వైన్ ఒక గ్లాసు, అందులో వెల్లుల్లి నలిపి రాత్రంతా ఉంచి, వడకట్టి పొయ్యి. ఆ మూడు జనవరుల్లో ఆ కొండ మీద ఉత్తరాలు అరగంట ఆలస్యంగా అందాయి. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకో అందరికీ తెలుసు.

అయినా తను మొదలుపెట్టడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. ఉద్యోగం, అద్దె ఇళ్ళు, నేలమాళిగ లేని ఇళ్ళు. అసలు సంగతి భయం. కిందటేడు ఉద్యోగం మానాక ఆరు సాసేజ్‌లు కట్టింది. ఆరూ పాడైపోయాయి. నల్లగా, జిగురుగా, ముట్టుకుంటే వేలికి సాగేంతగా. తన నేలమాళిగ మెట్ల మీద కూచుంటే నాన్న గొంతు వినపడింది, చెప్పానుగా అమ్మా అని, కోపం లేకుండా, అదే మామూలు గొంతుతో. నాన్న పోయి పద్దెనిమిదేళ్ళు. ఆ రోజులు తనకి ఆగిపోయీ పదేళ్ళు. మరింకెందుకు చెడిపోయింది నాన్నా? ఆ ప్రశ్న వేసుకున్నాకే లేచి చుట్టూ చూసింది. చిన్న కిటికీ మూసి ఉంది. పిల్లులొస్తాయని తనే మూసింది. గాలి లేదు. చేతిది కాదు తప్పు, కిటికీది! ఆ పూట ఎంత సంతోషం వేసిందంటే, పాడైపోయిన ఆరింటినీ తోటలో గొయ్యి తీసి పూడుస్తూ పాట పాడుకుంది. ఈ మార్చిలో కిటికీకి ఇనప జల్లెడ బిగించి, గాలి ఆడనిచ్చి, పద్నాలుగు కట్టింది. మూడో వారానికి తెల్లటి పూత మొదలైంది. రోజుకి నాలుగుసార్లు దిగి చూసేది, పసిపిల్ల నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని చూసినట్టు.

గంట మోగింది. ఏడింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆప్రాన్ విప్పిందా? విప్పలేదు. విప్పుతూ తలుపు తీసింది.

ముందు పెరీన్, చంకలో రొట్టె, అన్నట్టే ఒక కొస కొరికి ఉంది. వెనక పక్కింటి అస్తియే మాస్టారు, బడిలో లెక్కలు చెప్పి మానేసినా నోరు మానని మనిషి. వాళ్ళ వెనక వదిన లిలియాన్ పూలగుత్తితో, చివర్న ఒదిలోన్, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. కొట్టు మూసినప్పట్నుంచీ ఆ చేతులు అలాగే ఉన్నాయి. తెల్లగా, శుభ్రంగా, పనిలేకుండా.

“ఏమిటిది, పెళ్ళి విందా?” అన్నాడు పలక చూసి. “హామ్ బాగా ముడిచావు.”

“కొట్లో నేర్పించారుగా,” అంది. గ్లాసులు నింపింది. ఒకరి ఆరోగ్యం కోరి ఒకరు గ్లాసులు తగిలించుకున్నారు. చేతులు పలక మీదికి వెళ్ళాయి. వదిన మేక చీజ్ తీసుకుంది. పెరీన్ దేన్నీ ముట్టుకోకుండా రెజీన్ మొహమే చూస్తోంది, అబ్బా అటు చూడవే, తెలిసిపోతుంది. ఒదిలోన్ ముల్లంగి తీసుకున్నాడు. ముల్లంగి! వెన్న రాసుకుని, ఉప్పు అద్దుకుని, నిదానంగా నమిలాడు. తర్వాత చిట్టి దోసకాయ. ఈ మనిషి ఇవాళ మాంసం ముట్టుకుంటాడా ముట్టుకోడా?

చెయ్యి ముందు వెళ్ళింది మాస్టారిది. రెజీన్ ముక్కల్లోంచే రెండు ఒకేసారి తీసి నోట్లో వేసుకుని, నములుతూనే ఉపన్యాసం మొదలుపెట్టాడు. “ఇదండీ! ఇదీ ఒదిలోన్ గారి చెయ్యంటే! యాభై రెండేళ్ళ విద్య ఈ ముక్కలో ఉంది. ఇలాంటిది ఇక ఈ జిల్లాలో పుట్టదు. ఈ మిరియం చూడండి, పంటి కింద ఎలా పేలుతోందో!”

ఒదిలోన్ చెయ్యి ఆగింది. “మిరియం పేలడమేమిటి? నేను మిల్లులో ఆడిస్తాను.”

ఆయన ముందుకి వంగి, పలక వైపు చూశాడు. రెండు వరసలు. ఒక వరస తనది. రెండో వరసలోంచి ఒక ముక్క తీసి వెలుతురుకి ఎత్తి పట్టాడు. చర్మం గోటితో ఒలిచాడు, తేలిగ్గా ఊడి వచ్చింది. వాసన చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు సగం మూశాడు. రెజీన్‌కి కిటికీ అవతలి నది కనిపించలేదు, మాస్టారు ఏదో అంటున్నాడు, వినిపించలేదు, కదులుతున్న ఆ దవడే కనిపిస్తోంది. మింగాడు. ఇంకో ముక్క తీశాడు. మింగాడు. మూడోది.

“నాది కాదు ఇది,” అన్నాడు చివరికి. “వెల్లుల్లి వైన్‌లో నానేశారు. పైన కొండల వాళ్ళ పద్ధతి. ఎక్కడ కొన్నావ్?”

“కొనలేదు.”

“మరి ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు అన్నయ్యా. నేను కట్టాను.”

లిలియాన్ వదిన గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మాస్టారు నోరు తెరిచి, మొదటిసారిగా, ఏమీ అనకుండా మూసుకున్నాడు. ఒదిలోన్ మొహంలో ఏముందో రెజీన్‌కి అర్థం కాలేదు. కోపమా, నవ్వా, ఏదీ కాదు. యాభై రెండేళ్ళు చేసిన మనిషి చేతిలో తను చెయ్యని ముక్క.

“నువ్వు కట్టావా.”

“అవును.”

“ఎక్కడ?”

“కింద. నేలమాళిగలో.”

“పద,” అన్నాడు లేచి.

గ్లాసు కూడా వదలకుండా వచ్చాడు. తాళంచెవి గోడ మేకుకి ఉంది, దాన్ని తీస్తుంటే రెండుసార్లు కింద పడింది. మెట్లు దిగుతుంటే వెనకనించి ఆయన అడుగులు. సగం దిగాక ఆగిపోయాడు. గాలి పీల్చాడు. ఆ వాసన ఎక్కడిదో రెజీన్‌కి వేరే చెప్పక్కర్లేదు.

“ఆ ఉప్పు గది చలికి నా వేళ్ళు పగిలి రక్తం వచ్చేవి, తెలుసా నీకు?” అన్నాడు. “ఉప్పు పడితే మంట. నువ్వు పైన వెచ్చగా కొట్లో కూచుని నవ్వుతూ పొట్లాలు కడుతున్నావని ఎంత కుళ్ళుకునేవాణ్ణో. దేవుడా, దీన్నెందుకు ఆడపిల్లగా పుట్టించావ్, నన్నెందుకు పుట్టించలేదు అనుకునేవాణ్ణి.”

రెజీన్ వెనక్కి తిరిగి చూసింది. నలభై ఎనిమిదేళ్ళుగా కోపగించుకున్న ఆ వీపుకి ఒక మొహం ఉందనీ, అది పగిలిన వేళ్ళని చూసుకుంటూ ఏడ్చేదనీ ఇప్పుడే తెలిసింది. ఏమనాలో తోచక “ఒక్క మాట చెప్పి ఉండకూడదా!” అంది. నవ్వొచ్చేసింది. ఆయనకీ వచ్చింది.

పదమూడు వేలాడుతున్నాయి, చిన్న కిటికీలోంచి పడుతున్న వెలుతురులో తెల్లగా. ఒదిలోన్ గ్లాసు గూట్లో పెట్టి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కుతూ వెళ్ళాడు. ఆ చేతులకి ఇప్పుడు ఎక్కడ ఉండాలో తెలిసింది. “ఇది అయింది. ఇదీ అయింది. ఇది గురువారం దాకా ముట్టుకోకు. దీన్ని కిటికీకి దూరంగా జరుపు, ఒక పక్కే ఎండుతోంది. దారం ఇంత వదులుగా కడతారా ఎవరైనా, నడుము చూడు ఎలా జారిందో. ఉప్పు...” ఆగాడు.

రెజీన్ ఆయన బొటనవేలినే చూస్తోంది.

“ఉప్పు సరిగ్గా పట్టింది,” అన్నాడు.

పైనుంచి వదిన గొంతు: “ఏమండోయ్, మాస్టారు పలక ఖాళీ చేసేస్తున్నారు!” ఒదిలోన్ చివరి సాసేజ్ దగ్గర నిలబడి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, రెజీన్ వైపు చూడకుండా అడిగాడు.

“మళ్ళీ ఎప్పుడు చేస్తావ్?”

“జనవరిలో. ఇరవై కిలోలు అనుకుంటున్నా.”

“ఊఁ.” ఇంకోసారి తిప్పాడు. “ఆ రోజు నేను వస్తే... రానిస్తావా?”

ఎగిరి గంతెయ్యాలనిపించింది రెజీన్‌కి, ఆ నేలమాళిగలోనే, అరవై ఒక్కేళ్ళ వయసులో. ఇరవై కాదు నలభై కిలోలు, ఇద్దరి చేతులకి నలభై పెద్ద లెక్క కాదు, రెండో తొట్టి కొనాలి, పెరీన్‌కి ఈ రాత్రే చెప్పాలి. కానీ మొహం బిగించుకుని, కొక్కేనికి ఉన్న బాగా ఎండిన సాసేజ్ ఒకటి విప్పి ఆయన చేతిలో పెట్టింది.

“ఆలోచించి చెప్తాలే,” అని మెట్లు ఎక్కింది, రెండేసి చొప్పున.